పెంటయ్యకు రాని ఇంజన్

నిజాం రాజ్యం పోయి ఏడాదైంది గానీ మాదాపూర్‌లో పెంటయ్య పిండి గిర్నీ మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే మొదలైంది. కూతురు నీలమ్మ కుండెడు జొన్నలు తెచ్చి గిర్నీలో పోయబోతే, అందులోంచి ఒక కవరు జారిపడింది. అప్పటికే చింపి ఉంది.

నీలమ్మ మొగుడు మొగిలి అది అందుకుని కూడబలుక్కుని చదివాడు. మూడు నెలలుగా అతను ఎదురుచూస్తున్న జాబే. ఎక్కడో ఈశాన్యాన అస్సాం అడవుల్లో, భూమిలోంచి చమురు తోడే కంపెనీలో ఇంజన్ మిస్త్రీ ఉద్యోగం. ఉండటానికి క్వార్టరు. నెలాఖరులోగా చేరాలి. ఇన్నాళ్లూ "వస్తది తియ్, ఫికర్ చెయ్యకు" అని రోజూ ఓదార్చిన మామ, ఇప్పుడు గోడకేసి చూస్తున్నాడు.

"ఎలుక గుంజుకపోయిందేమో," అన్నాడు పెంటయ్య.

"ఎలుక కవరు గింత సాఫుగ చింపుతదా నాయినా?"

"నేనే దాచిన, అయితేంది? పని తెలిసిన పిల్లగాడని ఇల్లటం తెచ్చుకుంటి. వీడు పోతే ఇంజన్ ఎవడు లేపుతడు? నాకు వస్తదా?"

"నేర్చుకో. నీకు వచ్చిననాడే పోతం. రాకుంటే పోనే పోం," అంది నీలమ్మ. ఆ రోజే మొగిలి మామను ఇంజన్ ముందు కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టాడు.

విద్య పెద్దదేం కాదు. ఇంజన్ తల కింద దీపం పెట్టాలి, తల ఎర్రబడ్డాక నూనె వదలాలి, చక్రం గుంజాలి. అంతే. పెంటయ్య ఒకరోజు దీపం మరిచాడు. ఒకరోజు నూనెతో పంచె తడుపుకున్నాడు. పదిరోజులైనా ఇంజన్ దగ్గలేదు, తుమ్మలేదు. "బుర్రకెక్కుతలేదు, జర ఆగుండ్రి బిడ్డా," అంటూ నీలమ్మ తల్లి కిష్టమ్మ నిట్టూర్చింది.

నెలాఖరు వారంలోకి వచ్చింది. రైలుకే ఐదురోజులు. మొగిలి ఆశ వదులుకుని, రాలేనని జాబు రాసి, తపాలా డబ్బాలో వేయడానికి స్టేషన్‌కు బయల్దేరాడు.

నీళ్లబిందెతో వస్తున్న నీలమ్మకు గిర్నీ చప్పుడు వినిపించింది. మొగిలి లేడే, మరి ఎవరు? లోపలికి తొంగిచూస్తే పెంటయ్య ఒక్కడే పిండి పడుతున్నాడు. ఎదురుగా జొన్నలు తెచ్చిన పొరుగింటి సక్కుబాయి, పొద్దుటినుంచి తిండిలేని పిల్లలతో నిలబడి ఉంది. వాళ్లను చూసి ఆగలేకపోయాడు పెద్దమనిషి.

"ఎప్పుడొచ్చింది నాయినా నీకు?"

పెంటయ్య బస్తా మీద కూలబడ్డాడు. "మొదటి దినమే. ఇంజన్ గురించి కాదు బిడ్డా. నాకున్నదే ఒక్కతివి. నువ్వు లేని ఇంట్ల నాకు బువ్వెట్ల దిగుతది?"

నీలమ్మకు కోపం రావలసింది, ఏడుపొచ్చింది. కొంగుతో తండ్రి మొహం మీది మసి తుడిచింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, కాసేపటికి తనే వదిలాడు.

"ఉరుకు. ఆ పిచ్చోడు జాబు డబ్బాల ఎయ్యకముందే పట్టుకో. క్వార్టర్‌ల మాకు కూడ జాగ ఉంటదేమో అడుగు."

గుమ్మంలో కిష్టమ్మ ఎదురైంది. "అమ్మా, నాయినకు ఇంజన్ వచ్చిందే," అంది నీలమ్మ.

కిష్టమ్మ కళ్లు ఒత్తుకుంది. "నాకు ఆరు దినాల నుంచి ఎరుకే బిడ్డా. నేనేమన్న చెప్పిన్నా?"

నీలమ్మ తల్లిని ఒక్కసారి గట్టిగా వాటేసుకుని, స్టేషన్ దారిన పరుగెత్తింది.