కన్యకమ్మ కళ్ళు ఎక్కడెక్కడ

ఆళ్ళగడ్డ శిల్పుల వీధిలోకి అడుగు పెడితే ముందు పని చెవులకు. ఉలి చప్పుళ్ళు, వాటిని మింగేస్తూ కోత మిషన్ల రొద. తర్వాత ముక్కుకు నీళ్ళు చల్లిన రాయి వాసన. ఇక పొడి సంగతి చెప్పక్కర్లేదు. అరుగుల మీద, ఆపిన మోటారు సైకిళ్ళ మీద, టీ గ్లాసుల అంచుల మీద కూడా అదే. ఆ వీధిలో ఈశ్వరాచారి శిల్పశాలలో పనిచేసే రమ్యకు మాత్రం ఉలితో పని లేదు. ఆమె పనంతా ట్యాబ్‌తోనే.

దేవుళ్ళ విగ్రహాలైతే కొలతలన్నీ ఆచారి నోటికే వచ్చు. చనిపోయిన మనుషుల విగ్రహాలతోనే చిక్కు. ఇంటివాళ్ళు ఏ పెళ్ళిలోనో తీసిన మసక ఫొటో పట్టుకొస్తారు. రమ్య దాన్ని ట్యాబ్‌లోకి ఎక్కించి, ముక్కు, చెవులు, గడ్డం తేటగా గీసి చూపిస్తుంది. ఇంటివాళ్ళు ఔనన్నాక ఆచారి రాయిని ముట్టుకుంటాడు.

ఆ శిల్పశాలలో ఒక కట్టుబాటు ఉంది. కళ్ళు ఆఖరున తెరవాలి. విగ్రహం నిలబెట్టిన రోజే, కళ్ళు గీసిన కాగితాన్ని పొయ్యిలో వెయ్యాలి.

"ఎందుకన్నా?" అని చేరిన కొత్తలోనే అడిగింది రమ్య.

"సచ్చినోళ్ళ కండ్లు ఒక్క తావులోనే తెరుసుకోని ఉండల్ల మా. రెండు తావుల్లో తెరిస్తే యాడ నిలబడి చూడల్లనో తెలీక తిరుగుతాంటారు."

"మా పాస్టరయ్య వింటే నవ్వుతాడన్నా."

"నవ్వనీ. నవ్వినాంక కూడా కాల్చల్సిందే."

ఎండాకాలం పోతూ ఉండగా నంద్యాల నుంచి మాధవయ్య వచ్చాడు. అక్కడ నూనె వ్యాపారం. భార్య కన్యకమ్మ పోయి ఏడాది కాబోతోంది. ఫొటోలు చాలా తెచ్చాడు గాని అన్నింట్లోనూ ఆమెకు నల్లద్దాలే.

"చక్కెర జబ్బు మా. చూపు పోయినాది" అన్నాడు కండువాతో ముక్కు తుడుచుకుంటూ. "గోడలు తడుముకుంటా తిరిగేది. ఒక్కసారి నీ మొగం సూడల్ల, సన్నబడినావో లావైనావో సూడల్ల అనుకుంటానే పాయె. రాతిలోనన్న ఆమెకు మంచి కండ్లు పెట్టండి."

ముఖమంతా కుదిరింది. కళ్ళే కుదరలేదు. రమ్య ఎన్ని రకాలుగా గీసినా ఎండబెట్టిన చేప కళ్ళలాగానే వచ్చాయి. ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి కూర్చున్న కూతురు బ్లెస్సీని చూస్తే ఆలోచన వచ్చింది. పాపకు అయిదేళ్ళు. పెద్ద కళ్ళు, చూస్తే చూపు తిప్పుకోబుద్ధి కాదు.

"కదలొద్దు. నీ కండ్లు ఇయ్యి కొంచేపు" అంది నవ్వుతూ.

"మళ్ళీ ఇస్తావా?"

"ఇస్తాలే."

దగ్గరగా ఫొటో తీసి, దాని మీదే గీసి, రెప్పల చుట్టూ నాలుగు ముడతలు చేర్చింది. బొమ్మను మాధవయ్యకు వాట్సాప్‌లో పంపింది. జవాబుగా ఆయన గొంతు వచ్చింది, ఏడుపుతో తడిసి. "ఇవే మా... ఇవే ఆమె కండ్లు."

విగ్రహాన్ని నంద్యాల బయట వాళ్ళ తోటలో నిలబెట్టి, మెరిసేటట్టు ఆముదం రుద్దారు. గుడ్డ చాటు కట్టుకుని ఆచారి సన్న ఉలితో కళ్ళు తెరిచాడు. కిందికి దిగుతూనే రమ్య వైపు తిరిగాడు.

"నీ దాంట్లోది తీసేసినావా?"

"ఇదో, నీ ముందరే" అంటూ బొమ్మలు గీసే యాప్ తెరిచి, కన్యకమ్మ బొమ్మ మీద వేలు నొక్కిపట్టి తీసేసింది రమ్య. పోయింది. ఆచారి తల ఊపాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పుకోవాలి. కాగితం మీది బొమ్మ ఒకటే ఉంటుంది. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోతే ఈ చేతిలో ఉండదు. ట్యాబ్‌లో బొమ్మ తీరు వేరు. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు పంపితే అది నడిచి పోదు. ఉన్నచోటే ఉండి, అక్కడ ఇంకొకటి పుడుతుంది. గీసేచోట ఒకటి, గ్యాలరీలో ఒకటి, పంపినచోట ఒకటి. తీసేశాం అనుకున్నది కూడా చెత్తబుట్టలో కొన్నాళ్ళు పడి ఉంటుంది. రమ్యకు ఇది తెలియక కాదు. రోజూ చేసే పనే గనక ఆ రోజు తట్టలేదు.

సాయంత్రం బస్సు దిగేసరికి ఆళ్ళగడ్డలో తుంపర. ఇంకా వెలుతురు ఉంది. ఇంట్లో అత్త హన్నమ్మ గడపలోనే ఎదురొచ్చింది.

"మధ్యానం నుంచి బిడ్డ గోడలకు తగులుకుంటా తిరుగుతాంది రమ్యా. ఆట అనుకుంటి నేను."

బ్లెస్సీ మంచం మీద కూర్చుని ఉంది. ట్యూబులైటు సరిగ్గా ఆమె ఎదురుగా వెలుగుతోంది.

"మా, లైటు యెయ్యి."

"ఏసే ఉందమ్మా."

"ల్యా. యెయ్యి మా."

రమ్య పాప ముఖం ముందు చెయ్యి ఊపింది. రెప్ప పడలేదు. హన్నమ్మ "ప్రభువా" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం బజారుకు పరుగెత్తింది, నంద్యాల ఆస్పత్రికి పోదామని.

"ఎప్పట్నుంచి కనబడల్యా నీకు?"

"అవ్వ అడిగినాంక." పాప గొంతులో భయం లేదు. "నల్లద్దాల అవ్వ. కొంచేపు చూసుకోని ఇస్తానన్యాది."

 రమ్య ఆచారికి ఫోను చేసింది. ముక్కలు ముక్కలుగా అంతా చెప్పింది. 

"కండ్లు యాడివి పెట్టినావు మా?"

"...బిడ్డవన్నా."

"బతికుండేటోళ్ళ కండ్లా?" ఆచారి గొంతు చిన్నదైపోయింది. "రాతిలోవి నా చేతివి. కండ్ల కాడ నీ బొమ్మను నేను సూడలా, ఎప్పుడూ సూడను. రాతితో భయం ల్యా. నీ ట్యాబ్‌లో యెన్ని ఉండాయో చూడు. అన్నీ తియ్యి. బేగా తియ్యి మా..."

కరెంటు పోయింది.

చీకటి ఒక్కసారిగా పడలేదు. తుంపర వెలుతురు కిటికీలో కొంచెం మిగిలింది, మురికి నీళ్ళలాగా. రమ్య మంచం పక్కన నేల మీద కూర్చుని ట్యాబ్ తెరిచింది. గ్యాలరీ. ఉంది... అక్కడే ఉంది, పంపడానికి ముందు దాచిన బొమ్మ. కన్యకమ్మ ముఖం. ఎదురుగా చూసేటట్టు గీసిన కళ్ళు అవి.

ఎదురుగా చూడటం లేదు. ఎడమకు తిరిగి ఉన్నాయి.

ఎడమ పక్కన బ్లెస్సీ ఉంది.

తీసేసింది.

"మా, కొంచెం తెల్లగా అయింది" అంది పాప.

చెత్తబుట్ట తెరిచింది. పొద్దున తీసేసింది ఒకటి, ఇప్పటిది ఒకటి. రెండూ ఆమెవే. ఈసారి ముఖం పెద్దదయింది. నుదురు లేదు, గడ్డం లేదు. రెప్ప నుంచి రెప్ప దాకా కళ్ళే. పూర్తిగా తుడిచేసింది. గదిలోకి ఆముదం వాసన వచ్చింది... విగ్రహానికి రుద్దిన ఆముదం. ఇంట్లో ఆముదం లేదు.

అప్పుడు వినిపించింది.

వంటింటి గోడ మీద ఏదో జారుతున్న చప్పుడు. అరచెయ్యి. తడుముకుంటూ... ఆగి... మళ్ళీ తడుముకుంటూ. గిన్నెల అలమర తగిలింది. గిన్నె ఒకటి మెల్లగా ఊగి నిలబడింది. చెయ్యి తలుపు చెక్క మీదికి వచ్చింది.

"ఎవరూ?" అంది రమ్య.

"అవ్వ" అంది బ్లెస్సీ గుసగుసగా. "దోవ ఎతుక్కుంటాంది."

వాట్సాప్ నుంచి పంపినవి దాచే ఫోల్డరు. ఉంది. తీసేసింది. డౌన్‌లోడ్లు. ఉంది. ఎప్పుడు దించిందో గుర్తే లేదు. తీసేసింది. ప్రభువా... ఇంకెక్కడ? ఫైళ్ళు చూపించే యాప్‌లో పేరు కొట్టి వెతికింది. ఏమీ రాలేదు. హమ్మయ్య అనుకుంది. కాని చెయ్యి చప్పుడు ఆగలేదు. తలుపు దాటి ఈ గదిలోకి వచ్చింది. గోడ మీది క్యాలెండరు గరగరమంది.

బొమ్మలు గీసే యాప్‌లో ఇంకో మూల ఉంది. గీత గీసినప్పుడల్లా దానంతట అదే దాచుకునే చోటు. పేర్లుండవు అక్కడ. అందుకే వెతికితే దొరకలేదు. తెరిచింది. చిన్న చిన్న బొమ్మలు, గోరంత గోరంత, పేజీ నిండా. మొదట మూసిన రెప్పలు, తర్వాత సగం, తర్వాత... అన్నీ తెరిచిన కళ్ళు. వేలు పైకి జరిపితే అన్నీ పైకి చూశాయి. కిందికి జరిపితే కిందికి.

మంచం పట్టె మీద ఎవరో చెయ్యి ఆనించారు. పరుపు కుంగింది.

"మా... నా మొగం తడుముతాండాది."

రమ్య అన్నీ ఒక్కసారే పట్టి, తీసేసే గుర్తు నొక్కింది.

పరుపు లేచింది. చప్పుడు లేదు. ఆముదం వాసన మాత్రం పోలేదు.

"కనబడతాందా బంగారూ? నేను కనబడతాండానా?"

"ఉండావు. మొగమే ల్యా నీకు."

ఇంకా ఒకటి ఉంది. ఎక్కడ? ట్యాబ్ అంతా గాలించింది కదా. అప్పుడు తట్టింది. పంపినది పంపినచోట ఉంటుంది. నంద్యాలలో.

ఫోను చేస్తే మాధవయ్య వెంటనే ఎత్తాడు. రమ్య ఏడుస్తూ చెప్పింది. దండం పెడతా, తీసెయ్యండి అంది.

"తీసేసేదేంది మా?" ముసలాయన గొంతు గట్టిపడింది. "ఫోను తెరిస్తే నన్నే చూస్తాంటాది. తిన్యావా అన్నట్ల చూస్తాంటాది. ఎట్ల తీసేది? నాకింకేముంది?"

"నా బిడ్డకు చూపు ల్యాదప్పా! అయిదేండ్లు దానికి! ఆ కండ్లు మీ ఆమెవి కావు... నా బిడ్డవి. నేనే గీసినా. నాదే తప్పు."

 

"నన్ను చూసినాది ఆమె కాదా అయితే" అన్నాడు మాధవయ్య. "సరే మా. బిడ్డ ముందర నేనెంత? ...నాకు చాతకాదు ఈ ఫోను. యాడ నొక్కల్లనో చెప్పు."

రమ్య ఒక్కొక్కటే చెప్పింది, బళ్ళో పిల్లలకు చెప్పినట్టు. వచ్చిన బొమ్మ. గ్యాలరీ. తెర మీద పెట్టుకున్నది. చెత్తబుట్ట. ప్రతి నొక్కుకూ ముసలాయన ముక్కు చీదుకున్నాడు. ఆఖరి దానికి మాత్రం "పోయిరా" అన్నాడు, తనలో తాను.

"మా!" బ్లెస్సీ ఎగిరి మెడకు చుట్టుకుంది. "నీ చెవి కమ్మ! నీ ముక్కు! కనబడతాండాయి మా!"

రమ్య పాపను గుండెకు హత్తుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చింది. ఆముదం వాసన పోయింది. బయట ఆటో వచ్చి ఆగింది, హన్నమ్మ ఎవరినో తొందర పెడుతోంది. ఫోను ఇంకా తెగలేదు.

"బిడ్డకు బాగైందా?" అన్నాడు మాధవయ్య.

"అయిందప్పా. దేవుడు మిమ్మల్ని..."

"తాత సన్నబడినాడు" అంది బ్లెస్సీ.

తల్లి భుజం మీద గడ్డం ఆనించి, గోడ వైపు చూస్తూ అంది.

"ఏ తాతమ్మా?"

"ఆడ. గోడకు ఆనుకోని కూర్చున్యాడు. ఆకు ముందర పెట్టుకోని అన్నం ముట్టల్యా. అవ్వ ఇంకా చూసుకుంటాంది."

ఫోనులో ఏదో కిందపడిన చప్పుడు. "ఎవరు మా అది?" అన్నాడు మాధవయ్య. "నేనీడ ఒక్కణ్ణే ఉండాను. నా ముందర ఆకుందని... ఎవరు చెప్పినారు ఆ పాపకు?"

కరెంటు వచ్చింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. రమ్య పాప ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని దీపం వైపు తిప్పింది. ఎదురుగా ఇంత వెలుతురు ఉంటే ఆ నల్లగుడ్లలో దీపం మెరవాలి. వంగి చూస్తున్న తన ముఖం కనిపించాలి.

దీపం లేదు. తను లేదు.

రెండు కళ్ళలోనూ ఆవగింజంత చీకటి గది. గోడ వారన ఒక ముసలాయన. ఫోను చెవిన పెట్టుకుని, మెల్లగా తలెత్తి, ఇటు చూశాడు.