ఏడో కోట

తెలంగాణ కోసం సాగిన సమ్మె ఆగి బస్సులు మళ్లీ రోడ్డెక్కిన పొద్దున, హైదరాబాదు నుంచి మొదటి బస్సుకే వచ్చేసింది కీర్తి. జనగామ బజారులో దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే గరగరమంటూ లేస్తున్నాయి. అన్నిటికంటే ముందు తెరుచుకునే వాళ్ల నాన్న రామచంద్రం హోల్‌సేల్ కిరాణా కొట్టు మాత్రం ఇంకా మూసే ఉంది. 'సమ్మె ఆగిందని బాపుకు ఎవరూ చెప్పలేదేమో' అని నవ్వుకుంటూ ఇంట్లోకి నడిచింది.

లోపల ఇంకో వింత. వంటింట్లోంచి చాయ్ గ్లాసులు పట్టుకుని రామచంద్రమే వచ్చాడు. పెళ్లయిన నాటి నుంచీ మంచినీళ్ల గ్లాసు కూడా తన చేత్తో ముంచుకుని ఎరుగని మనిషి!

"ఏంది బాపూ, చాయ్ నువ్వు పెట్టినవా? అమ్మ కూడా సమ్మెల దిగిందా ఏంది?"

"ఎందుకు, నేను పెడితే చాయ్ కాదా? తాగి చూడు" అన్నాడే గాని, కూతురి ముఖంలోకి చూడలేదు. గ్లాసు చేతికిచ్చి, స్నానమయిందని దేవుడి గదిలోకి వెళ్లిపోయాడు.

లక్ష్మీకాంతమ్మ మంచం మీదే కూర్చుని ఉంది. "వచ్చినవా బిడ్డా?" అంటూ చేతులు చాపి, కూతుర్ని దగ్గరికి లాక్కుని ముఖమంతా తడిమింది. "మస్తు చిక్కిపోయినవ్" అంది. చాలా రోజులకు చూసిన తల్లి కదా అనుకుంది కీర్తి. పైగా తను తెచ్చిన సంగతి చెప్పేద్దామన్న తొందరలో ఉంది.

"అమ్మా, నీకోసం ఏం తెచ్చిన్నో చెప్పు చూద్దాం. మన ఏడు కోటల ఆట!"

చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఇంట్లో వీడియో గేమ్ పిచ్చి మొదట తల్లిదే. కీర్తి చిన్నప్పుడు, సరుకుకని హైదరాబాదు వెళ్లిన రామచంద్రానికి ఎవరో ఒక ఆట పెట్టె అంటగట్టారు. మధ్యాహ్నం ఆయన కొట్లో కునుకు తీసే వేళ, తల్లీకూతుళ్లు తలుపేసుకుని టీవీ ముందు కూర్చునేవాళ్లు. లాంతరు పట్టుకున్న ఒక పిల్ల తప్పిపోయిన తన వాళ్లను వెతుక్కుంటూ ఏడు కోటలు దాటాలి. ఆ పిల్లకు లక్ష్మి అని తల్లి పేరే పెట్టింది కీర్తి. తల్లికి ఇంగ్లీషు అక్షరం రాదు. తెర మీద వచ్చే మాటలన్నీ కూతురు తెలుగులో చదివి చెప్పేది, ఎటు పోవాలో తల్లి చెప్పేది. ఆరు కోటలు దాటారు. ఏడో కోటలో మాత్రం లాంతరు ఆరిపోయి, తెరంతా నల్లగా అయిపోయేది. "అమ్మో, గా చీకట్ల నాకు భయమైతది, ఎనుకకు మలుపు బిడ్డా" అనేది లక్ష్మీకాంతమ్మ. మలుపుతూ మలుపుతూ ఉండగానే పెట్టె కాలిపోయింది.

ఇప్పుడు అలాంటి పాత ఆటలు నాలుగు కలిపి, కొత్త పెట్టెలకూ పెద్ద టీవీలకూ సరిపోయేలా ఒకే డిస్కుగా మళ్లీ విడుదల చేస్తున్నారు. కీర్తి పనిచేసే ఆఫీసుకు దక్కిన పని అదే. పాత బొమ్మల్లో మసక తుడిచి, గీతలు దిద్ది, రంగులు తేటపరచాలి. ఆ నాలుగింట్లో తమ ఆట కూడా ఉందని తెలిసిన రోజు ఎగిరి గంతేసింది. రాత్రింబవళ్లు దాని మీదే కూర్చుంది. అమ్మకు ముందే చెబితే మజా ఉండదని దాచింది. డిస్కు విడుదల కాగానే దాన్నీ, కొత్త పెట్టెనూ కొనుక్కుని, పిల్లకు మళ్లీ లక్ష్మి పేరే పెట్టి, తన గదిలోనే ఆరు కోటలూ దాటి, చివరిది అమ్మతో కలిసి ఆడాలని ఏడో కోట గుమ్మం ముందు ఆపి పెట్టుకుంది.

తండ్రి పూజలో ఉన్నాడని సౌండు పూర్తిగా తగ్గించి ఆట పెట్టింది. తెర మీద కోట గోడలు ధగధగలాడాయి. "చూడమ్మా! గోడలకు రంగులు నేనే దిద్దిన. ఎట్లున్నది?"

"అబ్బ! ఎంత మంచిగున్నదే!"

అంతలోనే కరెంటు పోయింది. తెర నల్లబడింది. 'బొగ్గు గనుల సమ్మె కూడా ఆగింది, ఈ కోతలు ఎప్పుడాగుతాయో' అని విసుక్కోబోయి కీర్తి ఆగిపోయింది.

లక్ష్మీకాంతమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. "గోడలైతే తళతళ మెరుస్తున్నయి. గా పిల్ల గౌను కూడా మంచిగ కుట్టినవ్ బిడ్డా" అంటోంది, నల్లటి తెరకేసి.

కీర్తి చేతిలోని రిమోటు జారి కింద పడింది. "అమ్మా... కరెంటు లేదు" అంది.

తల్లి ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా పోయింది.

హారతి పళ్లెంతో బయటికొచ్చిన రామచంద్రం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎప్పటి సంది బాపూ? నాకెందుకు చెప్పలే?"

"కండ్లల్ల మోతిబిందు పొర అనుకున్నం బిడ్డా. పొర ముదిరినంక ఆపరేషన్ చేస్తరు గద. మా అవ్వకు గట్లనే చేసిన్రు. ముదరనీ, తెలంగాణ వచ్చినంక నిమ్మళంగ హైదరాబాద్ల పెద్ద దవాఖానకు తీస్కపోదమనుకున్న. ఒక కన్ను మసకలున్నప్పుడే సమ్మె మొదలైంది. రెండోది కూడా పోతుంటే భయమై మొన్న కారు మాట్లాడుకుని వరంగల్ పోయినం." ఆయన పళ్లెం ఇంకో చేతికి మార్చుకున్నాడు. "పొర కాదట. షుగరు. కండ్ల లోపల రక్తం కారిందట. ముందే వస్తే ఉన్న చూపన్న నిలబెట్టేటోల్లమన్నరు."

"తెలంగాణ వచ్చినంక, తెలంగాణ వచ్చినంక! అన్నిటికీ గదే మాట! తెలంగాణ ఇయ్యాల కాకపోతే రేపొస్తది బాపూ. అమ్మ కండ్లొస్తయా?"

రామచంద్రం గుమ్మం దాటి ముందుకొచ్చాడు. "మరి నువ్వెప్పుడొచ్చినవ్? సమ్మెకు ముందు బస్సులు నడిచినయి గద. ఫోన్ చేస్తే పనుంది, పనుంది అన్నవ్!"

ఆ పనేమిటో కీర్తికి తెలుసు. బొమ్మ కోట గోడల మీద మసక తుడుస్తూ కూర్చుంది తను. ఇక్కడ తల్లి కళ్లకు మసక కమ్ముతుంటే ఒక్కసారి వచ్చి చూడలేదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇద్దరూ ఊకోండి" అంది లక్ష్మీకాంతమ్మ. "ఆయనను ఏమనకు బిడ్డా. చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టిన. ఆడపిల్ల, బస్సుల్లేకుంట ఒక్కతి ఎట్లొస్తది అనుకున్న. తప్పు ఎవలదైతే ఏంది, ఇప్పుడేం చేస్తం?"

చాయ్ మీద మీగడ కట్టింది.

కాసేపటికి కరెంటు వచ్చింది.

"ఆట పెట్టు" అంది తల్లి.

"నాతోని కాదమ్మా."

"అప్పుడు నాకు చదువ రాకుంటే నువ్వు చదివి చెప్పలే? ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు. జర సౌండు పెంచు."

కీర్తి కళ్లు తుడుచుకుని రిమోటు తీసుకుని, ఆట పెట్టి సౌండు పెంచింది గానీ, చెప్పబోతే మళ్లీ ఏడుపొచ్చింది. రామచంద్రం పళ్లెం పక్కన పెట్టి వచ్చి, భార్య పక్కన మంచం మీద కూర్చున్నాడు. ఏనాడూ ఆ ఆట వైపు కన్నెత్తి చూడనివాడు, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"నేను చెప్త. ఒక పిల్ల ఉన్నది. చేతిల లాంతరున్నది. పైన పేరు... ఎల్, ఏ, కే... లక్ష్మి అని ఉన్నది!" ఆయన కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మ పేరా?"

కీర్తి తలూపింది.

"లోపలికి పోతున్నది లక్ష్మీ. గోడలు ఎర్రగున్నయి. మెట్లు దిగుతున్నది. అరె, లాంతరు ఆరిపాయె!"

తెరంతా చీకటైంది. ఈ ఒక్క కోటను తేటపరచవద్దని, చీకటిని చీకటిగానే ఉంచమని ఆఫీసులో చెప్పారు. కీర్తి అలవాటుగా వెనక్కి మలపబోయింది.

"మలుపకు. నాకిప్పుడు భయం లేదు" అంది లక్ష్మీకాంతమ్మ. తల కాస్త వంచి వింది. "కుడి దిక్కు నీళ్ల సప్పుడైతున్నది. గటు పోనియ్యి."

కీర్తి అటే పోనిచ్చింది. నీళ్ల చప్పుడూ అడుగుల చప్పుడూ తప్ప ఏమీ లేదు. రామచంద్రం తెర మీదికి వంగి వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏమున్నదయ్యా? చెప్పవేంది?"

"ఏం లేదు లక్ష్మీ" అన్నాడాయన, ఏడుపు ఆపుకోలేక. "అంతా చీకటే. నాకేం కనవడ్తలేదు."

"గట్లనే ఉంటది. ముందుగాల జర భయమైతది." చెయ్యి చాపి మంచం మీద తడుముతూ ఆయన చేతిని వెతికి పట్టుకుంది. "నా చెయ్యి ఇడవకు. బిడ్డా, నువ్వు పోనియ్యి."