హెస్టర్స్ బీచ్‌లో తెలుగు గొంతు

“తేజా!... తేజా, లే... విన్నావా?”

స్నేహ గుసగుసకి సాయితేజ కళ్ళు తెరవలేదు. రోజంతా వాన్ నడిపి ఒళ్ళు హూనమైన మనిషి. “గాలి స్నేహా... పడుకో,” అని అటు తిరిగాడు.

గాలి కాదు. గాలికి మాటలు రావు కదా!

ఇదంతా స్నేహ నాకు చెప్పిందే. చెబుతూ చెబుతూ శాలువా భుజాల మీదికి లాక్కుంది. నేను ఆ చోటు చూడలేదు. కానీ విన్న దగ్గర్నుంచీ ఎక్కడ సముద్రం ఫోటో కనిపించినా నా మనసు ఆ రాత్రిలోకే పోతోంది.

ఆ బీచ్‌కి చెడ్డపేరు. సెడూనా ఊరు దాటి పడమటికి పోతూ ఉంటే, నల్లర్‌బోర్ ఎడారికి ముందు, ఒక మట్టిరోడ్డు సముద్రం వైపు చీలుతుందట. దాని చివర తెల్లటి ఇసుక, విరిగిన చెక్క జెట్టీ... అంతే. హెస్టర్స్ బీచ్ అంటారు. వెనకటికి హెస్టర్ అనే ఆవిణ్ణి మొగుడు పడవెక్కమన్నాడు. నేను రాను అంది. వినకుండా ఎక్కించాడు. పడవ మునిగింది... ఇప్పటికీ గాలి ఆగిన రాత్రుళ్ళు “నేను రాను” అని ఆడగొంతు వినిపిస్తుందని పెట్రోలు బంకు ముసలాయన చెప్పాడు.

“పలక్కండి. పలక్కపోతే ఏం చేయదు. నో వర్రీస్!” అన్నాడట, కాఫీ అందిస్తూ.

బాలమురళి అంకుల్ పగలబడి నవ్వాడు. “మా రత్నం ఉండగా దెయ్యాల భయమేంటర్రా? ఓ పెసరట్టు వేసి పెడితే అదే సర్దుకుంటుంది!”

ఆయన భార్య రత్నకుమారి ఆంటీ కూడా నవ్వింది. సగం నవ్వి ఆగిపోయింది.

అంకుల్ స్నేహ వాళ్ళ నాన్న స్నేహితుడు. పారమట్టాలో రిటైరయ్యాక ఇల్లు అద్దెకిచ్చేసి, పడుకోవడానికి, వండుకోవడానికి అన్నీ ఉన్న పెద్ద వాన్ కొన్నాడు. ఏడాది పాటు సముద్రం పక్కపక్కనే దేశమంతా చుట్టి రావాలని ఆయన కోరిక. మాసన్ లేక్స్‌లో ఉండే స్నేహ, తేజ అద్దె వాన్‌లో ఓ వారం జత కలిశారు. తెల్లారితే వీళ్ళు వెనక్కి. అంకుల్ వాళ్ళు ఎడారి దాటి పెర్త్‌కి, అక్కణ్ణుంచి ఇంకా పైకి... నెలలకి నెలలు.

ఏ బీచ్‌కి వెళ్ళినా అదే పని. వాన్ ఆపడం, దాని గుడ్డ పందిరి బయటికి లాగడం, ఇసుక దులపడం. పక్కలో ఇసుక, అన్నంలో ఇసుక. ఆంటీ ఆ బుల్లి పొయ్యి మీద వండుతుంది. అంకుల్ ఫోటోకి ఫోన్ ఎత్తితే నవ్వుతుంది. మళ్ళీ వంగి గిన్నెలు తోముతుంది.

ఆ సాయంత్రం గిన్నెల దగ్గరే అడిగింది. “పొద్దున్నే వెళ్ళిపోతారా స్నేహా?”

“అవునాంటీ.”

ఇంకో గిన్నె తోమి మళ్ళీ అదే అడిగింది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, “ఈ రాత్రే ఆయనతో ఒక మాట చెప్పెయ్యాలి. ఆ ఎడారిలోకి పోయాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే,” అంది.

“ఏం మాట ఆంటీ?”

“ఏం లేదులే... ఆ గరిటె ఇటివ్వు.”

చీకటి పడ్డాక అంకుల్ గాలం భుజాన వేసుకుని జెట్టీ వైపు చేపలకి వెళ్ళాడు. అక్కడ ఫోన్లు పనిచేయవు. అందుకే రెండు వాన్లలోనూ స్టీరింగ్ పక్కన వైర్‌లెస్ సెట్లున్నాయి. అంకుల్ నడుముకి ఒక చిన్న వాకీటాకీ. “రాత్రి కూడా ఆన్‌లోనే ఉంచండి,” అని ఆయన ఆర్డరు.

ఆ గొంతు స్నేహ వాళ్ళ వాన్‌లో ఉన్న సెట్లోంచే వచ్చింది.

ముందు గరగర... తర్వాత నిశ్శబ్దం... ఆ తర్వాత ఊపిరి. ఎవరో నోరు ఆనించి ఊపిరి పీలుస్తున్నట్టు.

“...నేను రాను...”

ఈసారి తేజ లేచి కూర్చున్నాడు.

“...నేను రానండీ... ఆ నీళ్ళ దగ్గరికి నన్ను తీసుకెళ్ళకండి...”

“హెస్టర్!” అంది స్నేహ.

“హెస్టర్‌కి తెలుగెలా వచ్చింది?”

“ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉందిగా... వచ్చినవాళ్ళ దగ్గర నేర్చుకుని ఉంటుంది!”

నవ్వొచ్చే మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు.

తేజ మైక్ తీశాడు. “హలో... ఎవరు?”

వీళ్ళ మాటే చెవిన పడనట్టు ఆ గొంతు సాగిపోతూనే ఉంది. అవే మాటలు... ఒకసారి కోపంగా. ఒకసారి బతిమాలుతూ. ఒకసారి మరీ మెల్లగా, ప్రాణం లేనట్టు...

“నేను రాను... నేను రానండీ... రాలేను...”

“అయ్యో, అక్కడ ఆంటీ ఒక్కతే ఉంది తేజా!”

ఆంటీ వాళ్ళ వాన్ ఇసుక దిబ్బకి అవతల ఉంది. టార్చి పట్టుకుని ఇద్దరూ దిబ్బెక్కారు. కాళ్ళు కూరుకుపోతున్నాయి. పైకి వచ్చేసరికి — నీళ్ళ వైపు నుంచి ఒక ఎర్రటి వెలుగు... మనిషెత్తులో... ఊగుతూ... తిన్నగా వాళ్ళ మీదికే!

స్నేహ కెవ్వుమంది.

“మీరూ విన్నారా?”

అంకుల్! తలకి కట్టుకున్న ఎర్రలైటు, మోకాళ్ళ దాకా తడి, ఒకటే రొప్పు. గాలం అక్కడే పారేశాడు. నడుముకున్న వాకీటాకీలో అదే గొంతు. “ఎవరో ఆడమనిషి... రత్నం దగ్గరికి వచ్చేసిందేమో... పదండి, పదండి!”

వాన్ చీకటిగా ఉంది. అంకుల్ డ్రైవర్ వైపు తలుపు లాగాడు.

వాకీటాకీ కీచుమంది. గొంతు ఒక్కసారిగా రెండు వైపుల నుంచి వినిపించింది — ఆయన నడుము దగ్గర్నుంచీ, ఆ సీట్లోంచీ.

సీట్లో ఆంటీ. కాళ్ళు పైకి ముడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, సెట్ తాలూకు మైక్‌ని రెండు చేతులా పిసికేస్తోంది. మాట్లాడే మీట ఆవిడకి తెలియకుండానే బొటనవేలి కింద నొక్కుకుని ఉంది. అది నొక్కి ఉన్నంతసేపూ అవతలివాళ్ళ మాట ఆవిడకి వినపడదు. ఆవిడ మాట మాత్రం అందరికీ పోతుంది. ఆయన చేపలు పట్టి వచ్చేలోగా ఆ ఒక్క మాట ఎలా చెప్పాలో... చెప్పి చెప్పి చూసుకుంటోంది.

“ఆంటీ!”

కళ్ళు తెరిచింది. మైక్ ఒళ్ళో పడింది. ఇక అలల హోరే.

స్నేహ, తేజ అమ్మయ్య అనుకున్నారు. అంకుల్ అనుకోలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“నువ్వా?” అన్నాడు. “నీ గొంతని నాకు తెలియలేదు రత్నం...”

స్నేహ ఈ మాట చెప్పినప్పుడు వేసినంత చలి, దెయ్యం సంగతి విన్నప్పుడు కూడా నాకు వేయలేదు.

ఆంటీ గబగబా చీర సర్దుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఎప్పటి గొంతు తెచ్చుకుంది. “నిద్ర పట్టక ఏదో... ఊరికే. చేపలు పడ్డాయా అండీ?”

“చేపలు సరేలే.” అంకుల్ ఆ తడి బట్టలతోనే వాన్ మెట్టు మీద కూలబడ్డాడు. “ఇందాక చెబుతున్నావే... అది నాకు చెప్పు.”

ఆంటీ స్నేహ వైపు చూసింది. చీకట్లో నీళ్ళ వైపు చూసింది. ఆఖరికి ఆయన వైపు చూసింది.

“అలసిపోయానండీ,” అంది. “బయల్దేరిన రాత్రి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఆ హోరు వింటుంటే ప్రాణం పోతున్నట్టుంటుంది. మీ ముచ్చట పాడుచేయలేక... ఫోటోల్లో నవ్వాను.”