పసుపు పెట్టిన బొమ్మల పుస్తకం

“దీనికి పసుపు ఎవరు పెట్టింది?”

పుంగనూరు బస్టాండు వెనక ఉన్న లోహిత్ ప్రింటర్స్‌లోకి నవనీత చెప్పులు కూడా విప్పకుండా వచ్చేసింది. ఆమె చేతిలో ఎర్రట్ట బొమ్మల పుస్తకం. నాలుగు మూలలా దిట్టంగా పసుపు, పసుపు మీద కుంకుమ.

లోహిత్ ఎప్పటిలాగే ముందు ఆమెను చూసి సంతోషపడ్డాడు. తర్వాత పుస్తకాన్ని చూశాడు. సంతోషం అక్కడితో సరి.

“మునిస్వామి మామా,” అని లోపలికి కేకేశాడు.

మునిస్వామి ఆ ప్రెస్సులో లోహిత్ పుట్టకముందు నుంచి పెళ్ళిపత్రికలు మడిచి కట్టలు కట్టే మనిషి. వేళ్ళు తుడుచుకుంటూ గర్వంగా వచ్చాడు.

“నేనే పెట్టినానమ్మా. కట్టలో ఒక్కటి గూడా ఇడ్సలా.”

“యాల పెట్టినావు?”

“అట్ట సూస్తే పత్రిక అట్ట. పైన అమ్మాయి పేరుండాది, కింద అబ్బాయి పేరుండాది. పసుపు లేకుండా ఎట్ల పంపేది?”

నవనీత పుస్తకం తిప్పి చూసింది. పైన ‘నవనీత’ అని బొమ్మలు వేసినామె పేరు. కింద ‘లోహిత్’ అని అచ్చు వేసినవాడి పేరు. చిన్న అక్షరాల్లో వేస్తానన్నవాణ్ణి పెద్దగా వేయమని పట్టుబట్టింది తనే. ఇక వెనకట్ట మీద ఈసారి కొత్తగా తను రాసిచ్చిన పిలుపు: ‘ఆదివారం ఉదయం పది గంటలకు, కుప్పం కల్యాణమండపంలో. కుటుంబ సమేతంగా రావలెను.’

ఎవరు చూసినా పెళ్ళిపత్రికే అనుకుంటారు.

మదనపల్లె అమ్మాయి నవనీత. బెంగుళూరులో డిజైనింగ్ ఉద్యోగం మానేసి వచ్చి ఈ పుస్తకం చేసింది. ఎడమ పేజీ అమ్మో నాయనో చదవాలి, కుడి పేజీ పిల్లలు చెప్పాలి. ఏ ఒక్కరి పేజీతోనూ కథ నడవదు. ప్రతి పేజీ మధ్యలో ఒక గుండ్రటి రంధ్రం. అది ఒక పేజీలో టమాటా, ఇంకో పేజీలో ఆటో చక్రం, ఆ తర్వాత అవ్వ నుదుటి బొట్టు. మదనపల్లె ప్రెస్సుల వాళ్ళందరూ ‘పుస్తకానికి బొక్కలేంది మేడం’ అని నవ్వి పంపించేశారు. లోహిత్ మాత్రం నవ్వలేదు. పత్రికల్లో వినాయకుడు కనిపించేలా గుండ్రంగా కోసే అచ్చు అతని దగ్గర ఉంది. పిల్లలు చింపలేని పత్రిక అట్టా ఉంది.

పుస్తకం తయారైంది కానీ చదివేవాళ్ళు దొరకలేదు. మదనపల్లెలో మొదటి సమావేశం పెడితే, తల్లిదండ్రులు పిల్లల్ని గుమ్మంలో దింపి, ‘మధ్యాహ్నం వచ్చి పిల్సుకుపోతాం’ అని వెళ్ళిపోయారు. ఎడమ పేజీలు అలాగే ఉండిపోయాయి. ఆ సాయంత్రం నవనీత ఈ ప్రెస్సులో కూర్చుని ఏడ్చింది. లోహిత్ టీ తెప్పించాడు. ఆ టీ చల్లారేలోపు అతని మనసు పోయింది, ఇంతవరకు తిరిగి రాలేదు.

ఆ రోజే ఆమె తేల్చి చెప్పేసింది. కుప్పంలో ఇంకొక్కసారి చూస్తుంది. అక్కడా పెద్దవాళ్ళు రాకపోతే అటునుంచి అటే బెంగుళూరు రైలెక్కుతుంది. పాత ఆఫీసు వాళ్ళు రమ్మంటున్నారు. లోహిత్ ‘సరే’ అన్నాడు. ఇంకేం అనడానికి ధైర్యం చాల్లేదు.

“మిగతావి యాడుండాయి?” అంది నవనీత ఇప్పుడు.

“కుప్పానికి పోయినాయి,” అన్నాడు మునిస్వామి. “మొన్న బస్సులో వేస్తిని. కౌసల్య టీచరు ఇంటింటికీ పంచేసింది.”

నవనీత వెంటనే, కుప్పంలో సమావేశం ఏర్పాట్లు చూస్తున్న కౌసల్యకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

“ఏమ్మా, నాకు గూడా చెప్పకుండా పెళ్ళి పెట్టుకుంటివే,” అంది కౌసల్య టీచరు. “అబ్బాయి ఏం చేస్తాడని ఊరంతా అడగతాండారు.”

“పెళ్ళి కాదు టీచర్, అది పుస్తకం. అందరికీ చెప్పండి.”

“చెప్తాండా. పిల్ల సిగ్గుపడతాందని నవ్వతాండారు.”

ఫోన్ పెట్టేసి నవనీత లోహిత్‌ను కాల్చేసేలా చూసింది. “ఇది నువ్వు తెలిసి చేయించిందే.”

“తెలిసి చేయించుంటే మంచి ముహూర్తం సూసి చేయించేవాణ్ణి. ఇది ఆషాఢం.”

ఆమె నవ్వు వస్తోందని తెలిసి ముఖం తిప్పుకుంది. “నవ్వించబాక. నేను కోపంగా ఉండా.”

“ఉండు. ఆదివారం నేనూ వస్తా. పసుపు మా ప్రెస్సుది, జవాబు గూడా నేనే చెప్తా.”

ఆదివారం పొద్దున బస్సు పలమనేరు దాటగానే వాన పట్టుకుంది. నవనీత ఒళ్ళో పెద్ద బ్యాగు. లోహిత్ చూపు మాటిమాటికీ దాని మీదకే పోతోంది.

“బట్టలన్నీ సర్దుకుంటివా?” అన్నాడు.

“ఊ. పెళ్ళి లేదని తెలిస్తే ఎవురొస్తారు?”

“పెళ్ళనుకుంటే వస్తారు గదా.”

“అట్లొచ్చి తిట్టి పోతారు. అది ఇంకా బాగుంటాది.”

లోహిత్ కిటికీ తలుపు దించాడు. జల్లు ఆమె మీద పడకుండా ఆ పక్కకు తనే జరిగాడు. ఆమె చూసింది, చూడనట్టు ఫోన్ తీసుకుంది. ఫోన్‌లో సిగ్నల్ కూడా లేదు.

కల్యాణమండపం నిండిపోయి ఉంది. పట్టుచీరలు, ఇస్త్రీ చొక్కాలు, తలకు నూనె రాసి దువ్విన పిల్లలు, వాళ్ళ చేతుల్లో పసుపు పెట్టిన ఎర్రట్ట పుస్తకాలు. ముందు వరసలో సుభద్రమ్మ అనే పెద్దావిడ స్టీలు బిందె ఒళ్ళో పెట్టుకుని, పక్కన మనవరాలితో కూర్చుని ఉంది. నవనీత గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంతమంది పెద్దవాళ్ళు, ఇంతమంది పిల్లలు ఒక్కచోట కూర్చోవాలని ఎన్నాళ్ళుగానో కోరుకుంది. కోరిక తీరింది, కానీ ఎందుకొచ్చారో తలచుకుంటే ఏడుపు వస్తోంది.

లోహిత్ ముందుకు పోయి మైకు తీసుకున్నాడు.

“అందరూ మమ్మల్ని మన్నించాల. ఇది పెళ్ళి కాదు. పసుపు మా ప్రెస్సులో పొరపాటున పెట్టినారు. ఈ అమ్మాయి మీకోసం ఒక పుస్తకం చేసింది. అది మీరూ మీ పిల్లలూ కలిసి సదువుకోవాలని పిల్సింది. అంతే.”

హాలంతా గుసగుసలు.

“ఆషాఢంలో ముహూర్తం యాడిదప్పా అనుకుంటానే వస్తిమి,” అంది సుభద్రమ్మ. “అయితే భోజనాలు గూడా లేవా?”

“ఉప్మా ఉండాదవ్వా.”

కొందరు లేచారు. గుమ్మం దాకా వెళ్ళి బయటికి చూశారు. వాన కుండపోతగా కురుస్తోంది. ముందు లేచినాయన వెనక్కి వచ్చి కూర్చుంటూ, “సరేలే, వాన వెలిసేదాకా సదవండి,” అన్నాడు.

నవనీత మొదటి పేజీ తెరిచింది. “ఎడమ పక్క పెద్దోళ్ళది, కుడి పక్క పిల్లోళ్ళది.”

సుభద్రమ్మ మనవరాలు రంధ్రంలో వేలు పెట్టి, “అవ్వా, టమాటా దొర్లిపోతాంది, పట్టుకో,” అంది. సుభద్రమ్మ బిందె పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి పెట్టుకుని, తన పేజీ గట్టిగా చదివింది. వెనక వరసలో ఎవరో నాయన ఆటో శబ్దం చేశాడు. పిల్లలు విరగబడి నవ్వారు. కాసేపటికి పట్టుచీరలన్నీ కుర్చీలు దిగి పిల్లల పక్కన నేల మీదే ఉన్నాయి. వాన ఎప్పుడు వెలిసిందో ఎవరూ పట్టించుకోలేదు.

సరిగ్గా అప్పుడు మండపం ముందు టమాటాల వ్యాను ఆగింది. నిలువునా తడిసిన ఒకాయన పరుగున లోపలికి వచ్చాడు.

“తాళి కట్టేసినారా?” అని గుమ్మం దగ్గరున్న మనిషిని అడిగాడు.

ఆయన రాజేంద్ర, మదనపల్లె టమాటా మండీ వ్యాపారి. నవనీత నాయన. కుప్పంలోని బంధువు ఎవరో పొద్దున ఫోన్ చేసి చెప్పాడట.

“నాయనా, పెళ్ళేం లేదు,” నవనీత పరుగెత్తింది. “పుస్తకం సదవతాండాం.”

“నిజంగానా?”

“నిజంగానే. ఒట్టు.”

రాజేంద్ర స్తంభానికి ఆనుకుని కింద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు. “చేసుకుంటివని కాదమ్మా నా బాధ. నన్ను పిలవకపోయేంత తప్పు నేనేం చేస్తినా అని దావ పొడుగునా అదే ఆలోచన.”

నవనీత ఆయన పక్కనే కూర్చుని పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచింది. “ఎడమ పక్క నీది.”

ఆమె చిన్నతనమంతా ఆయన తెల్లవారుజామునే మండీకి పోయేవాడు. ఇద్దరూ కలిసి ఒక్క పుస్తకమైనా చదివిన జ్ఞాపకం లేదు. ఇప్పుడు ఆయన కూడబలుక్కుంటూ చదివాడు, ఆమె ఏడేళ్ళ పిల్ల గొంతుతో జవాబు చెప్పింది. చివరి పేజీలో మాటలు లేవు, రంధ్రం ఒక్కటే ఉంది. అటునుంచి ఆయన చూశాడు, ఇటునుంచి ఆమె చూసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

“బాగుండాదమ్మా,” అన్నాడాయన. “ఇన్నాళ్ళూ నువ్వు చేస్తాండేది ఇదా.” తర్వాత అట్ట మూసి పేర్లు చూశాడు. “ఎవరప్పా ఈ లోహిత్?”

లోహిత్ ఉప్మా గరిట కింద పెట్టి వచ్చాడు. “నేనే సార్. పసుపు మా తప్పే.”

“అంతేనా? ఇంకేం లేదా?”

లేదు అంటే సరిపోతుంది. పొద్దుటి నుంచి కనబడిన ప్రతివాడికీ లేదు, లేదు అనే చెప్పాడు. ఈ ఒక్కసారి ఆ మాట నోటికి రాలేదు.

“ఆమె వైపు నుంచి ఏం లేదు సార్. నా వైపు నుంచి ఉండాది. ఆమెకు ఇంకా చెప్పలా.”

“ఇప్పుడు చెప్తివి గదా,” అంది నవనీత అతని వెనక నుంచి.

లోహిత్ తిరిగి చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. రాజేంద్ర ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కూతురు తల దించుకుని పుస్తకం మూల గోకుతోంది. కోపంగా అయితే లేదు.

“మీ నాయన్ను పిల్సుకోని మండీ కాడికి రా,” అన్నాడు చివరికి. “పొద్దున్నే రాబాక. వేలం ఉంటాది.”

సుభద్రమ్మ స్టీలు బిందె తెచ్చి నవనీత చేతిలో పెట్టింది. “మేమైతే ఇచ్చేస్తిమి. పెళ్ళి మీకు తీరుబడి అయినప్పుడు చేసుకోండి,” అని ఉప్మా వైపు వెళ్ళిపోయింది.

స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. లోహిత్ గోడ పక్కనున్న బ్యాగును చూశాడు.

“నీ రైలు,” అన్నాడు నెమ్మదిగా.

నవనీత తలెత్తలేదు. సుభద్రమ్మ మనవరాలు ఆమె ఒళ్ళోకి ఎక్కి, పుస్తకం మళ్ళీ మొదటి పేజీకి తిప్పేసింది.

“పోనీ,” అంది. “ఈ పాప ఇంకోసారి సదవమంటాంది. వాళ్ళవ్వ తినేదానికి పోయింది. ఎడమ పక్కకు ఎవురూ లేరు. రా, కూసో.”