నాలుక అందని తలుపు

ఆఫీసు తీసీ తియ్యగానే వచ్చిందా అమ్మాయి. గుమస్తా కుర్చీ చూపించినా కూర్చోలేదు. డిటెక్టివ్ గారు టీ కప్పు పక్కన పెట్టి, భయపడకుండా చెప్పమన్నారు.

రాత్రి వాళ్ల అత్తగారు గడియ లేని తన గది తలుపు మూసుకుని పడుకుంటుంది. పొద్దున్నకి తలుపు బార్లా తెరిచి ఉంటోంది. వారం నుంచీ ఇదే వరస. తన బీరువా కోసం కోడలే దొంగచాటుగా వస్తోందని అత్తగారి అనుమానం. ఆదివారంలోగా వేరే ఇల్లు చూసుకోమని కొడుక్కి చెప్పేసింది.

“నాకు వేరు కాపురం వద్దండీ,” అంది ఆ అమ్మాయి. “హాస్టల్లో పెరిగాను. అన్నం తిన్నావా అని అడిగే మనుషులు నాకు ఇప్పుడే దొరికారు.”

గుమస్తా కుర్చీ ఆమె దగ్గరికి జరిపాడు. డిటెక్టివ్ గారు మాత్రం ఆ తలుపు ఇదివరకు ఎలా ఉండేదని అడిగారు. బిగుసుకుపోయేదట. పోయిన నెల అత్తగారికి ఆయాసం వస్తే, కొడుకు భుజంతో గుద్దితే గానీ రాలేదట. బాగు చేయిద్దామంటే, బిగుతుగా ఉంటేనే తనకు ధైర్యమని ఆవిడ ఒప్పుకోలేదట.

డిటెక్టివ్ గారూ గుమస్తా ఆ అమ్మాయితో వాళ్లింటికి వెళ్లారు. హాల్లో మామగారి మంచం సరిగ్గా అత్తగారి గది గుమ్మం పక్కనే ఉంది. ఆయన పేపరు జారి కిందపడితే, మోకాళ్లు వంగవని, కోడల్ని పిలిచి తీయించుకున్నారు. కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

డిటెక్టివ్ గారు తలుపు మెల్లగా మూశారు. పిడిలోంచి వచ్చే నాలుక, ద్వారబంధానికున్న రంధ్రం అంచుని తాకిందే గానీ లోపలికి దిగలేదు. రాత్రుళ్లు తెరిచి ఉంచే వంటింటి కిటికీ తీయించారు. గాలికి తలుపు దానంతటదే తెరుచుకుంది. తర్వాత తలుపు అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాశారు. తలుపు పై మడతబందు మరలు కదిలించి చూశారు. అందరినీ హాల్లో కూర్చోమన్నారు.

“రాత్రి ఈ గదిలోకి ఎవరూ రాలేదమ్మా. తలుపు తీసింది గాలి. గాలికి దారిచ్చిన మనిషి మాత్రం ఇక్కడే ఉన్నారు.”

కొడుకు ముఖం ఎర్రబడింది.

“పై బందు మరలు వదులై తలుపు కిందికి వాలింది. అందుకే పైమూల రాసుకునేది. మరలు బిగిస్తే పోయేది. అది తెలియక ఎవరో అంచుని చిత్రిక పట్టి పలచన చేశారు. సందు పెరిగి నాలుక అందకుండా పోయింది. అయితే చెక్కింది పైనుంచి పిడిదాకానే, కింద రంగు చెక్కుచెదరలేదు. మీ అబ్బాయైతే వంగి కిందిదాకా చెక్కేవాడు, మీ కోడలైనా అంతే. వంగలేని మనిషి పని ఇది.”

అందరూ మామగారి వైపు చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“నువ్వు గుడికెళ్లినప్పుడు చెక్కాను,” అన్నారు భార్యతో. “ఆరోజు నీకు ఊపిరాడకపోతే, ఆ తలుపవతల నిలబడి నేనేం చేయలేకపోయాను. ఒక్క తోపుతో తలుపు రావాలనుకున్నాను. నింద అమ్మాయి మీద పడ్డాక చెప్పడానికి నోరు రాలేదు. అది నా తప్పే.”

“నాతో చెప్తే వద్దంటానా?”

“అన్నావుగా.”

అత్తగారు కొంగు మడత సరిచేసుకుంది. తర్వాత కోడలి దగ్గరికొచ్చి, “నిన్ను అనరాని మాటలన్నాను. మనసులో పెట్టుకోకే. ఇల్లు చూడొద్దు,” అంది. కోడలు తల ఊపింది.

కొడుకు పొడవు మరలు తెచ్చాడు. అత్తాకోడళ్లు తలుపు ఎత్తి పట్టుకున్నారు, గుమస్తా బిగించాడు. చెక్కిన చోట సన్నటి చెక్క బద్ద అతికించారు. జిగురు ఆరాక మూస్తే నాలుక టిక్కున లోపలికి దిగింది.

అత్తగారు రెండుసార్లు వేసి తీసి చూసుకుంది. తృప్తిగా ఉంది. ఆ తర్వాత తలుపు తనే బార్లా తీసి, మూసుకోకుండా చెప్పు అడ్డం పెట్టింది.

“ఇలాగే ఉండనీవే. ఇటునుంచి గాలి బాగా వస్తోంది,” అంది కోడలితో.