తప్పు జాడ

ఈదుకణాలు, నీళ్లలో ఈదే ఆ నలుసంత యంత్రాలు, పల్టీలు కొట్టడం మళ్లీ ఎక్కువైంది. గట్టు మీద తెర ముందు కూర్చున్న పోలేశ్వరి పల్టీ మీటను నాలుగు శాతానికి దించింది. రేవు అడుగున పగిలిన చమురు గొట్టానికి నలభై వేల కణాలు అతుక్కుని కన్నం మూస్తున్నాయి. వాటికి తెలిసింది ఒకటే విద్య. నూనె జాడ పెరిగితే తోక తిప్పుకుంటూ తిన్నగా పోతాయి, తగ్గితే పల్టీ కొట్టి దారి మార్చుకుంటాయి. మిగతా లెక్కంతా వాటిని నడిపే కంప్యూటర్ నమూనాది. మనిషి చూస్తూ కూర్చుంటే చాలు. ఈవేళ ఆమెకు ఆ కూర్చోవడమే ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

గొట్టం బిగించడానికి దిగిన ఈతగాడు ఎర్రయ్య ఆమె మేనమామ. బురదగట్టు విరిగి మీద పడ్డాక అతని మాట వినపడలేదు. సిలిండర్లో గాలి ఇంకో ఇరవై నిమిషాలకే సరిపోతుంది. వెతకడానికి దిగిన ఇద్దరికీ ఆ నీళ్లలో తమ చేతులే కనపడడం లేదు.

తెర మీద తూర్పు మూల పిడికెడు కణాలు అక్కడక్కడే తిరుగుతున్నాయి. పేర్లు పెట్టడం నమూనాకు మహా సరదా. 'తప్పు జాడ' అని రాసి, వాటిని వెనక్కి లాగుతోంది.

"సార్, అక్కడేటుంది?"

"ఏమీ లేదమ్మా, ఏదో గింజనూనె," అన్నాడు పై అధికారి సూరపరాజు.

ఆముదమూ గింజనూనే అని పోలేశ్వరికి తట్టింది. రబ్బరు దుస్తులు వచ్చి ఎన్నేళ్లయినా, వాటి కింద ఒంటికి ఆముదం పట్టించనిదే వాళ్ల పేటలో ఎవరూ మునగరు. దుస్తులు చిరిగి ఆ ఆముదం నీళ్లలో కలుస్తూ ఉండాలి.

"అది మా మావ సార్! కణాలన్నీ అటు తిప్పేస్తాను."

"మతిపోయిందా? అవి వదిలితే రేవంతా చమురే!"

"రేవుని కడుక్కోవచ్చు. మా మావని మళ్లీ తేగలరేటి?"

నమూనాను పక్కకు నెట్టి, గింజనూనెకు మొదటి స్థానమిచ్చి, మీటను అరవైకి లాగింది. నలభై వేల కణాలూ ఒక్కసారిగా పల్టీ కొట్టాయి. గొట్టం నోరు తెరిచింది. సైరన్లు మోగాయి. సూరపరాజు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఏడు నిమిషాలకు కణాలు తూర్పు మూల ముద్దకట్టాయి. ఈతగాళ్లు ఆ గుర్తు పట్టుకుని బురద తవ్వారు.

"ఊపిరుంది," అంది రేడియో. పోలేశ్వరి అందరి ముందే భోరుమంది.

కణాలను తిరిగి గొట్టానికి పంపి, నమూనాను యథాస్థానంలో పెట్టింది. అది ఊరుకోలేదు. తెర మీద అడిగింది: 'కొత్త పాఠం. మునిగిన మనిషి ముందు, గొట్టం తర్వాత. పన్నెండు రేవులకూ పంపాలా?'

"వద్దని కొట్టు," అన్నాడు సూరపరాజు కంగారుగా. "ప్రతి రేవులోనూ మునిగేవాడు ఒకడుంటాడు. కణాలు గొట్టాలు వదిలేసి వాడి వెంట పడతాయి."

"అవును సార్, ఉంటాడు," అంది పోలేశ్వరి. పంపింది.