రెక్క మీద వెండి మరక

తన మాయనే రంగురంగుల ముసుగుగా లోకంపై కప్పి, దాని వెనుక నిశ్చలంగా నిలిచిన శ్రీహరికి నమస్కరించి, ముసుగుల కథ ఒకటి విన్నవించుకుంటాను.

టొలీడో నగరంలో ఒక హోటల్ ముందు ఆగిన కారులో, ఏజెంట్ లోర్న్ హాస్కెట్‌కు అతని పై అధికారిణి డన్‌లీవీ పని అప్పగించింది.

"శత్రువుల్లో కలిసిపోయి ఉన్న మన గూఢచారి ఎమిల్ ఫోటో ఇక్కడున్న వాళ్ళ మనుషులకి దొరికింది. నువ్వుగింజంత ఫిల్ముగా మార్చి, లోపల బొమ్మల తయారీ పోటీకి పెట్టిన ఒక విమానం బొమ్మలో దాచారు. అది ఇవాళ సరిహద్దు దాటితే ఎమిల్ బతకడు."

"ఏ బొమ్మ?"

"అదే తెలీదు. సబీన్ లోపలే ఉంది, అడుగు."

"పోటీలో నా బొమ్మ కూడా ఉంది మేడమ్. చలికాలమంతా కూర్చుని చేశా."

"అందుకేగా నిన్ను పంపేది!"

లోర్న్ నొప్పెడుతున్న మోకాళ్ళతో దిగాడు.

హాలులో బల్ల నిండా మొదటి ప్రపంచయుద్ధపు జర్మన్ విమానాలు. రెక్కల మీద, ఆకాశంలో శత్రువు కంటికి ఆనకుండా వేసే ఐదు రంగుల పలకల ముసుగు. దానిని కుంచెతో చిత్రించరు. డెకాల్ అనే అచ్చువేసిన పల్చని రంగుపొరను నీట నానబెట్టి, రెక్క మీదికి జార్చి, పైన ద్రావకం పూస్తారు. అప్పుడది మెత్తబడి చర్మంలా అతుక్కుంటుంది. పూయకపోతే అడుగున గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

ఎర్రకోటు, అత్తరు ఘుమఘుమ: సబీన్. ఇరుపక్షాలకూ పనిచేసే వనిత.

"కాఫీ చల్లారిపోయింది," అంది. అది సంకేతం.

"ఇక్కడ వేడిగా ఉన్నదెప్పుడు?" అన్నాడు. అది జవాబు.

"తీర్పు అవగానే వాళ్ళు ఒక బొమ్మ నా చేతిలో పెడతారు, సరిహద్దు దాటించమని. ఏదో ముందు చెప్పరు. గుమ్మం దగ్గర ఇద్దరు నన్నే చూస్తున్నారు. ఉత్తచేతులతో వెళ్తే నన్ను చంపుతారు. ఫిల్ముతో వెళ్తే ఎమిల్‌ని చంపుతారు. లోర్న్, ఏదో ఒకటి చెయ్యి!"

న్యాయనిర్ణేత ఆస్ట్రాండర్ చివరి వరుసకు వచ్చేశాడు. లోర్న్ టార్చి వేసి ఒక్కొక్క రెక్కే చూశాడు. ఒక బొమ్మపై పనితనం అమోఘం. కాని ఒక్క పలక మాత్రం వెండిలా మెరిసింది. ఇంత నేర్పరి అక్కడ ద్రావకం ఎందుకు పూయలేదు? పూస్తే అడుగున ఉన్న ఫిల్ము కరిగిపోతుంది కనుక.

పరాయివాడి బొమ్మను తాకడం ఆ లోకంలో మహాపాతకం. లోర్న్ జేబులోని ద్రావకం సీసా తీసి, కుంచె ముంచి, ఆ పలకపై నిండుగా పూశాడు.

"ఏయ్! చెయ్యి తియ్యవయ్యా!" ఆస్ట్రాండర్ అరిచాడు. "బుద్ధుందా నీకు?"

"వెండి మరకండీ. చూస్తూ ఊరుకోలేకపోయాను."

"ఊరుకోలేకపోయావా! నీ బొమ్మని పోటీలోంచి తీసేస్తున్నా. జన్మలో మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు!"

గుమ్మం దగ్గరి ఇద్దరూ పగలబడి నవ్వారు. "పిచ్చోళ్ళ సంతరా ఇది!"

పలక ముడతలు పడి, మెల్లగా సర్దుకుంది. దాని అడుగున ఎమిల్ ముఖం చెరిగిపోయింది. ఇక ఫిల్ము పాడైన నింద ఆ పిచ్చివాడిదే, తనది కాదు కనుక, కాసేపటికి సబీన్ ఆ బొమ్మను నిశ్చింతగా పట్టుకొని, దానికొచ్చిన మొదటి బహుమతి పతకంతో సహా, కాపలాదారుల మధ్యనుంచే బయటికి నడిచింది.

"ఎమిల్ క్షేమమేనా?" కారులో డన్‌లీవీ అడిగింది.

"క్షేమమే."

"మరి నీ ముఖమేమిటి అలా ఉంది?"

లోర్న్ తన బొమ్మను ఒడిలో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు.

"రెక్క మీది వెండి మరక ఒక్కటే వాళ్ళ బొమ్మకున్న లోపం మేడమ్. అదీ నేనే పోగొట్టా. ఏళ్ళ తరబడి పోటీకొస్తే, ఇన్నాళ్ళకి నా కుంచెకి మొదటి బహుమతి వచ్చింది. శత్రువు పేరు మీద."

ఈ కథ విన్నవారందరినీ, పేరు రాకుండానే మేలు చేసి అలసిన వారిని మరికొంచెం ఎక్కువగా, ఆ శ్రీహరి చల్లగా చూచుగాక.